రేకుల మందిరం, ఒక ఫోను, అరవై గడప: చిన్న సంఘం సోషల్ మీడియా ఎలా నడపాలి

ముందు ఫోను పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరెవరు రాలేదో పేర్లు రాయండి, పక్కనే ఎందుకు రాలేదో రాయండి. ఛానెల్ పేరేం పెట్టాలి, లోగోలో పావురం ఉండాలా సిలువ ఉండాలా అనే గొడవ తర్వాత, ఎలాగూ అది మన యూత్‌లో రెండు నెలలు నడుస్తుంది. ఈ కాగితం లేకుండా మొదలెట్టిన సంఘాలు చాలా చూశానండి, ఆరు నెలలు తెగ హడావిడి చేసి ఊరుకుంటారు, ఇప్పుడు ఆ ఛానెల్ తెరిస్తే చివరి వీడియో మూడేళ్ళ కిందటి క్రిస్మస్‌ది.

మాది కోనసీమలో రాజోలు అవతల చిన్న సంఘం. నేను అంతకుముందు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే షాపులో పనిచేసేవాణ్ణి కాబట్టి మిక్సరూ మైకులూ నా నెత్తినే పడ్డాయి, 2020లో లాక్‌డౌన్ వచ్చి గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 10న, ఈస్టర్ 12న ఇళ్ళల్లోనే చేసుకోవాల్సి వచ్చినప్పుడు లైవ్ కూడా నా మీదే పడింది. మా కాగితంలో ఏం తేలిందంటే కువైట్, మస్కట్, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు పదకొండు మంది, హైదరాబాద్‌లో తొమ్మిది మంది, మంచం మీదున్న పెద్దాళ్ళు నలుగురు, రొయ్యల చెరువుల మీద మేతకీ కాపలాకీ ఉండిపోయేవాళ్ళు ఆరుగురు. మొత్తం ముప్పై మంది. మనం చేసేదంతా ఈ ముప్పై మంది కోసమే, దేశదేశాల కోసం కాదు. అలా అనుకున్నాక సగం పనులు వాటంతటవే తగ్గిపోయాయి.

ఎందుకంటే ఒక్కొక్కరికీ ఒక్కోటి కావాలి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, అంటే మన ఉదయం పదింటి ఆరాధన అక్కడ ఏడున్నరకి, అప్పుడు ఇంటిపని చేసే మా అక్కలు వంటింట్లో ఊపిరి తిరక్కుండా ఉంటారు. పైగా ఆదివారం అక్కడ పనిరోజు, సెలవు శుక్రవారం. కాబట్టి వాళ్ళకి లైవ్ అక్కర్లేదు, రాత్రి పని ముగిశాక పడుకుని చెవిలో పెట్టుకుని వినడానికి వాక్యం, అంటే అయ్యగారి ప్రసంగం, ఆడియో కావాలి. దుబాయ్ వాళ్ళకి గంటన్నరే తేడా, కానీ అక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదు, మెసేజీ వాయిస్ నోటూ మాత్రం వెళ్తాయి, అందుకని గ్రూపు కాల్‌లో ప్రార్థన పెట్టుకుందాం అని ప్లాన్ వేసేముందు వాళ్ళని అడగండి. చెరువు మీదున్నవాళ్ళకి సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, వాళ్ళకీ ఆడియోనే. మంచం మీదున్న మామ్మలకి మాత్రం లైవే కావాలి, ఎందుకంటే వాళ్ళకి వాక్యం ఒక్కటే కాదు, ఎవరొచ్చారు, ఏ చీర కట్టుకున్నారు, కొత్త కోడలు ముందు వరసలో కూర్చుందా అవన్నీ చూడాలి. నిజం చెప్పాలంటే మా లైవ్ చివర్లో రెండు నిమిషాలు కెమెరా జనం వైపు తిప్పడం మొదలెట్టింది ఒక మామ్మ గారి కోసమే.

ఆడియో తయారుచేయడం చాలా తేలిక. పాటలూ ప్రకటనలూ తీసేసి వాక్యం ఒక్కటే కట్ చేసి, మోనోలో 32 కేబీపీఎస్‌కి పెడితే నలభై నిమిషాలు 10 ఎంబీ లోపే వస్తుంది, మాటకి ఆ క్వాలిటీ చాలు. ఫైలు పేరు తేదీతో, వాక్యభాగంతో తెలుగులో పెట్టండి, "ఆడియో ఫైనల్ 2" అని పంపితే వారం తర్వాత ఎవరూ వెతుక్కోలేరు.

లైవ్: బొమ్మ సంగతి తర్వాత, ముందు సౌండు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. మన పాస్టర్ గార్లకి మైకులో ఎకో అంటే ప్రాణం. మందిరంలో అది బాగానే ఉంటుంది, జనం ఒంటి మీద పడుతుంది ఆ సౌండు. కానీ రేకుల షెడ్డులో ఎలాగూ రీసౌండ్ ఉంటుంది, దానిమీద మిక్సర్ ఎకో, దాన్ని ఇరవై అడుగుల దూరం నుంచి ఫోను మైకు పట్టుకుంటే ఇక ఏముంటుందండీ. మా మొదటి నెల లైవులన్నీ అలాగే వెళ్ళాయి. కువైట్ నుంచి ఒక అక్క వాయిస్ నోట్ పెట్టింది, "తమ్ముడూ, అయ్యగారు నూతిలోంచి చెప్తున్నట్టుందిరా, ఆమెన్ ఒక్కటే అర్థమవుతోంది" అని. ఆ వాయిస్ నోట్ అయ్యగారికే వినిపించా, నేను చెప్తే ఒప్పుకునేవారు కాదు.

చేయాల్సిందేంటంటే, మిక్సర్ వెనక ఆక్స్ అని ఒక అవుట్ ఉంటుంది, ఫోనుకి సౌండు అక్కణ్ణుంచి తీసుకోవాలి. ఎఫెక్ట్, అదే ఆ ఎకో, మెయిన్ బాక్సులకి మాత్రమే వెళ్ళాలి, ఆక్స్‌లోకి వెళ్ళకూడదు. లోపల జనానికి ఎకో వినిపిస్తుంది, లైవ్‌లో పొడిగా శుభ్రంగా వెళ్తుంది, అయ్యగారూ సంతోషం అక్కా సంతోషం. కానీ మిక్సర్ అవుట్‌ని మామూలు వైరుతో నేరుగా ఫోన్లో గుచ్చకండి, మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ ఫోను మైకు తట్టుకునేదానికంటే చాలా ఎక్కువ, మాట చిరిగిపోయినట్టు బరబరమంటుంది. మధ్యలో మిక్సర్ సౌండుని ఫోనుకి సరిపడేలా మార్చే టైప్-సి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి ఉండాలి. అంత డబ్బులు లేవంటే వెయ్యీ పదిహేను వందల్లో దొరికే టైప్-సి కార్డ్‌లెస్ కాలర్ మైకు కొని అయ్యగారి చొక్కాకి పెట్టండి, మిక్సర్‌తో సంబంధమే ఉండదు, సంవత్సరం పాటు మేము అలాగే నడిపాం. కాలర్ మైకు జుబ్బా గుండీకి పెడితే చెయ్యి ఎత్తినప్పుడల్లా గుడ్డ రాసుకుని గరగరమంటుంది, మెడ పట్టీ దగ్గర పెట్టండి. కార్డ్‌లెస్ ఆన్‌లో పెట్టుకుని ప్రార్థన అయ్యాక బయటికెళ్ళి ఎవరితోనో అప్పు సంగతి మాట్లాడిన సందర్భాలున్నాయి, కాబట్టి బెనెడిక్షన్ (ముగింపు ఆశీర్వాదం) అవగానే ఒక కుర్రాడు వెళ్ళి మైకు ఆపాలి, అది వాడి డ్యూటీ.

ఇంకోటి, మిక్సర్ నుంచి మాత్రమే సౌండు తీసుకుంటే పాటలప్పుడు లీడర్ గొంతు ఒక్కటే వినిపిస్తుంది, జనం పాడేది రాదు, మందిరంలో ఎవరూ లేనట్టుంటుంది. అందుకని జనం వైపు తిప్పి ఒక మామూలు మైకు కట్టి, దాన్ని మెయిన్ బాక్సుల్లోకి పంపకుండా ఆక్స్‌లోకి మాత్రమే కొంచెం వదలండి. చంటిపిల్లాడి ఏడుపు, తాళాల చప్పుడు కొంచెం కొంచెం రావాలి.

యూట్యూబ్ సంగతి: ఫోన్ నంబరుతో ఛానెల్ వెరిఫై చేస్తేగానీ పదిహేను నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు. లైవ్ మొదటిసారి ఆన్ చేశాక 24 గంటల దాకా పట్టొచ్చు, అందుకని ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి కూర్చుని తంటాలు పడకండి, శుక్రవారమే చేయండి. ఫోనులోంచి లైవ్ పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, స్త్రీల కూడికలో ఒకసారి అందరి ఫోన్లూ తీసుకుని కూర్చుంటే అరగంట పని.

డేటా లెక్క వేసుకోండి. 720 క్వాలిటీలో 2.5 ఎంబీపీఎస్‌తో వెళ్తే గంటకి 1.1 జీబీ దాకా అవుతుంది. మన ఆరాధన రెండు గంటలు, మన ప్యాకు రోజుకి 2 జీబీ. ఏమవుతుందో మీకే అర్థమైంది కదా, మాకు మాత్రం మూడు వారాలు అర్థం కాలేదు, సరిగ్గా వాక్యం ముగింపులో అయ్యగారు కళ్ళు మూసుకుని చెయ్యెత్తిన బొమ్మ దగ్గర ఆగిపోయేది. మేము నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాం. తర్వాత లైవ్ పాటలతో కాకుండా వాక్యానికి పది నిమిషాల ముందు మొదలెట్టడం చేశాం, సరిపోయింది. ఇంకా, లైవ్ మధ్యలో కాల్ వస్తే లైవ్ పోతుంది, కాబట్టి లైవ్ ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పక్కవాడి ఫోను హాట్‌స్పాట్‌తో నడపండి. కరెంటు మనది తెలిసిందే, పవర్ బ్యాంకు రాత్రే నింపుకోవాలి.

బొమ్మ గురించి రెండే ముక్కలు. ఫోను అడ్డంగా పెట్టాకే లైవ్ నొక్కండి, మొదలెట్టాక తిప్పితే కుదరదు. పాస్టర్ గారి వెనక కిటికీ ఉంటే మొహం నల్లగా పడుతుంది, కిటికీకి కర్టెన్ కట్టండి, మిణుకు మిణుకుమనే సీరియల్ లైట్లు వాక్యం టైములో ఆపేయండి.

పాటల గొడవ

హిట్టయిన కొత్త క్రైస్తవ పాటల ట్రాకు యూట్యూబ్‌లోంచి దింపుకుని దానిమీద మన క్వయిర్ పాడి మళ్ళీ అదే యూట్యూబ్‌లో పెడితే క్లెయిమ్ వస్తుంది, అంటే యాడ్ డబ్బులు అసలు ఓనర్‌కి వెళ్తాయి లేదా వీడియో ఆగిపోతుంది. లైవ్‌లో అయితే మధ్యలోనే బొమ్మ తీసేస్తారు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (ఓనర్ ఫిర్యాదు చేసి వీడియో తీయిస్తే ఛానెల్ మీద పడే శిక్ష) వేరు, తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. దేవుని పాటే కదా అంటే యూట్యూబ్ వినదు. మందిరంలో ఆరాధనలో పాడుకోవడం వేరు, ఇంకొకరి రికార్డింగ్ ఎక్కించడం వేరు.

మనదగ్గర దీనికి మంచి విరుగుడు ఉంది. మన దేశంలో కాపీరైటు రాసినాయన చనిపోయాక అరవై ఏళ్ళ వరకే. పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే పోయారు, ఆయన కీర్తనలు ఎవరైనా పాడి పెట్టుకోవచ్చు, మన డోలక్కు మన తాళాలతో. కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకీ రాగం తాళం వేసి ఉంటాయి కదా, ఇప్పుడు మనం ఎవరం ఆ రాగంలో పాడటం లేదు, కీబోర్డు వచ్చాక అన్నీ ఒకే బాణీ అయిపోయాయి. కానీ ప్రతి పేటలో ఒకరిద్దరు మామ్మలుంటారు, పాత వరసలో పాడేవాళ్ళు. వాళ్ళింటికెళ్ళి ఫ్యాను ఆపేసి (ఫ్యాను తప్పకుండా ఆపేయండి, చప్పుడు చాలా వస్తుంది) ఫోను మంచం మీద దిండుకి ఆనించి రికార్డు చేయండి. పక్కనే ఈ ఊళ్ళో మందిరం ఎప్పుడు కట్టారు, తాటాకుల పాక నుంచి రేకులకి ఎలా వచ్చింది అని అడగండి. మిషనరీలు బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో నరసాపురం వైపు వచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఈ డెల్టాలో సంఘాలకి బోల్డు చరిత్ర ఉంది, అందులో సగం మామ్మల నోట్లోనే ఉంది, ఎక్కడా రాసిపెట్టలేదు. మా ఛానెల్లో జనం ఎక్కువ చూసింది ప్రసంగం కాదు, ఒక మామ్మ ఏడు నిమిషాల కీర్తన. హైదరాబాద్‌లో ఉన్న కుర్రాళ్ళు దాన్ని వాళ్ళమ్మలకి పంపారు.

వాట్సాప్

మూడు రకాలున్నాయి, మూడూ కలిపేయకండి. గ్రూపులో 1024 మంది దాకా పడతారు కానీ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. పెళ్ళికాని ఆడపిల్లల నంబర్లు పెద్ద గ్రూపులో ఉంటే రాత్రి పదకొండింటికి "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్" అని మెసేజీలు మొదలవుతాయి, ఇది జరగదనుకునేవాళ్ళు ఆ ఆడపిల్లల్ని అడగండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే, పైగా మీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే చేరుతుంది. ఛానెల్ అయితే ఎంతమందైనా, ఫాలోవర్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. కాబట్టి అందరికీ చెప్పాల్సినవి, అంటే కూడిక టైములు, వాక్యం ఆడియో, ఛానెల్లో. సంఘం గ్రూపు ఉంచుకోండి కానీ అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ పెట్టండి. మొదట్లో పెద్దలు అలుగుతారు. అలగనివ్వండి, పొద్దున్న లేస్తే పధ్నాలుగు గులాబీ పువ్వుల వాగ్దానాలు, ఒక రాజకీయ వీడియో, ఒక "పది మందికి పంపితే దీవెన" రావడం ఆగిపోయాక వాళ్ళే చదవడం మొదలెడతారు.

రోజూ వచనం ఫోటో పంపడం గురించి నా మాట వినండి, మీ జనానికి అది ఇప్పటికే ఏడు గ్రూపుల్లోంచి వస్తోంది. దానికంటే వారంలో మూడుసార్లు అయ్యగారి గొంతుతో ఒక నిమిషం వాయిస్ నోట్ పంపండి. మన సంఘాల్లో చదువురాని పెద్దాళ్ళు ఎంతమందో మనకి తెలుసు. వాళ్ళకి అక్షరాల ఫోటో అయితే ఒక బొమ్మ అంతే, అయ్యగారి గొంతు అయితే "అమ్మా వందనాలు" అంటే తిరిగి "వందనాలయ్యా" అంటారు ఫోనుకే.

ఇక ప్రార్థన మనవులు. ఇది మా తప్పు, నేనే అడ్మిన్ని కాబట్టి నా తప్పే. స్త్రీల కూడికలో ఒక చెల్లి వాళ్ళాయన తాగుడు గురించి, కొడుతున్నాడని చెప్పుకుని ఏడ్చింది. విన్న ఇంకో అక్క మంచి మనసుతోనే, పేరు ఊరు వీధితో సహా, "అందరూ భారంగా ప్రార్థించండి" అని 180 మంది గ్రూపులో పెట్టేసింది. ఆ గ్రూపులో వాళ్ళాయన పెదనాన్న కొడుకు ఉన్నాడు. సాయంత్రానికి తెలిసిపోయింది. ఆ చెల్లి మూడు వారాలు మందిరానికి రాలేదు, వచ్చిన రోజు మోచేతి దాకా జాకెట్టు చేతులు కిందికి లాక్కుని కూర్చుంది. నేను మెసేజీ తీసేశాను కానీ తీసేసేసరికే ఎంతమంది చూశారో.

అప్పట్నుంచి మా పద్ధతి ఏంటంటే మనవులన్నీ అమ్మగారి (పాస్టర్ గారి భార్య) నంబరుకి విడిగా వెళ్తాయి. ఆవిడ అడుగుతారు, "గ్రూపులో చెప్పమంటావా అమ్మా, పేరు పెట్టమంటావా?" అని. గ్రూపులోకి వచ్చేది "ఒక సహోదరి కుటుంబ సమాధానం కోసం" అని మాత్రమే. జబ్బు పేర్లు, పిల్లకి సంబంధం తప్పిపోయిన సంగతి, అప్పుల సంగతి, ఎవరింట్లో పిల్లలు పుట్టట్లేదో ఆ సంగతి, ఏవీ పేరుతో రావు. ఆస్పత్రి స్కానింగ్ రిపోర్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళున్నారు, దాని మీద ఆధార్ నంబరుతో సహా ఉంటుంది ఒక్కోసారి, వెంటనే తీసేయండి.

ఏ ఫోటో పెట్టాలి, ఏది పెట్టకూడదు

బాప్తిస్మం ఫోటోలు పెట్టకండి. కాలవ గట్టున, తెల్లబట్టల్లో, అయ్యగారు చెయ్యి పట్టుకుని ముంచుతున్న ఫోటో చాలా అందంగా ఉంటుంది, నాకూ తెలుసు. కానీ మన సంఘాల్లో సగం పైన దళిత కుటుంబాలే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి లేదు, మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. ఇది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, ఎవరు ఏ సర్టిఫికెట్టు తీసుకోవాలి అన్నది ఆ ఇంటి నిర్ణయం. కానీ ఆ పిల్ల ఉద్యోగం, ఆ పిల్లాడి సీటు, మీ ఫేస్‌బుక్ పేజీలో మీరు ట్యాగ్ చేసిన ఫోటో మీద ఆధారపడే పరిస్థితి మీ చేతులారా తేకండి. మా యూత్ కుర్రాళ్ళు "మనం దేవుని కోసం సిగ్గుపడతామా అన్నా" అన్నారు. సిగ్గు ఎవరిదీ కాదు తమ్ముడూ, కాకపోతే నష్టం పడేది ఎవరు, లైకులు వచ్చేది ఎవరికి, అది చూడు అన్నాను. ఫోటో తీసి ప్రింటు వేయించి ఆ ఇంటికే ఇవ్వండి, గోడకి తగిలించుకుంటారో బీరువాలో పెట్టుకుంటారో వాళ్ళిష్టం.

పిల్లలవి కూడా అంతే. మేలో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిల్ తరగతులు) పెట్టినప్పుడు గుంపు ఫోటో దూరం నుంచి తీస్తాం, పేర్లు రాయం, అమ్మానాన్నల దగ్గర చేరేటప్పుడే కాగితం మీద సంతకం తీసుకుంటాం. 2023 డేటా రక్షణ చట్టంలో కూడా పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలనే ఉంది.

ఇంకా ఒక మాట చెప్పాలి, కొంతమంది దైవజనులకి కోపం వస్తుంది. పేద పిల్లల్ని వరసగా నిలబెట్టి ముందు ప్లేట్లు పెట్టి ఫోటో తీసి, అమెరికాలో ముక్కూమొహం తెలియనివాళ్ళకి మెసెంజర్‌లో "డియర్ బ్రదర్, ప్రే ఫర్ మై ఆర్ఫన్స్" అని పంపడం మన జిల్లాల్లో ఎంతలా పెరిగిందో అందరికీ తెలుసు. ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు ఉన్నారు, పక్క వీధిలోనే ఉన్నారు. పిల్లల్ని ఉంచుకుని చూసే ఏ హోమ్ అయినా 2015 జువైనల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆపేయండి, దీనివల్ల నిజంగా సేవ చేసేవాళ్ళని కూడా ఎవరూ నమ్మట్లేదు.

కానుకలు, క్యూఆర్

క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే ఉండాలి, అయ్యగారిదీ కాదు కోశాధికారిదీ కాదు. స్కాన్ చేస్తే ఏ పేరు వస్తుందో ఆ పేరు కింద తెలుగులో పెద్దగా రాసి అంటించండి, ఎవరైనా పైన వేరే స్టిక్కర్ అంటిస్తే పేరు తేడా తెలిసిపోతుంది. డబ్బు పంపడానికే పిన్ను, రావడానికి పిన్ను అక్కర్లేదు అని ప్రకటనల్లో అప్పుడప్పుడు చెప్పండి. అయ్యగారి ఫోటో డీపీ పెట్టుకుని కొత్త నంబరు నుంచి "ఆస్పత్రిలో ఉన్నా, ఐదువేలు వెయ్యి అమ్మా" అని మెసేజీలు వస్తాయి, మా దగ్గర ఒక మామ్మ వేసేసింది కూడా. అలా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

బయటి దేశాల డబ్బు: కువైట్‌లో పనిచేసే మన అక్క ఇండియా పాస్‌పోర్టుతో ఉంది కాబట్టి తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపే దశమభాగం విదేశీ విరాళం కిందికి రాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి డాక్టరు గారు పంపితే అది వస్తుంది, ఆయన పుట్టింది పాలకొల్లులోనే అయినా సరే. 2010 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల) చట్టం ప్రకారం దానికి సంఘానికి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తీసిన ఖాతాలోకే రావాలి. యూట్యూబ్ వీడియో కింద అకౌంట్ నంబర్ పెట్టి "ప్రపంచంలో ఎక్కడినుంచైనా పంపండి" అని రాయడం అంటే మనమే వెళ్ళి చెప్పినట్టు.

ఎవరు ఎంత ఇచ్చారో గ్రూపులో లిస్టు పెట్టకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మనమే వాక్యం చెప్తాం, సాయంత్రం ఐదువందల నూటపదహార్ల లిస్టు మనమే పెడతాం. జమాఖర్చుల మొత్తం మాత్రం నెలకోసారి చెప్పండి, అది అడగకుండానే చెప్పాలి.

పాస్టర్ గారి నోరు, కుర్రాళ్ళ కత్తెర

షార్ట్‌లు కట్ చేసే తమ్ముళ్ళకి చెప్తున్నా. నలభై నిమిషాల వాక్యంలో మంచి ఊపులో అన్న ఒక్క మాట యాభై సెకన్లకి కోసి పెడితే, మిగతా ముప్పైతొమ్మిది నిమిషాలు వినని మనిషికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. మా టెస్టు ఒక్కటే. ఈ మాట మా పక్కింటి ఆచారి గారి ఎదురుగా, ఆయన ఇచ్చిన టీ తాగుతూ అనగలమా? అనలేకపోతే పెట్టం. వేరే మతం దేవుళ్ళ గురించి, వాళ్ళ తీర్థాల గురించి ఎగతాళి మాటలు ఉంటే మొత్తం వీడియోలోంచే తీసేస్తాం. అది కేసు అవుతుంది కూడా, ఇదివరకు ఐపీసీ 295ఏ అనేవారు, 2024 జూలై 1 నుంచి కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 299. కేసు సంగతి పక్కనపెట్టినా గోదారి పొంగితే ఆచారి గారూ మనమూ ఒకే స్కూలు మేడ మీద పడుకోవాలి కదండీ.

సాక్ష్యాల వీడియోలు పెట్టొచ్చు, కానీ "ప్రార్థన చేసిన నూనె రాస్తే షుగరు పోతుంది" అని పోస్టరు వేస్తే మహిమలతో జబ్బు నయమవుతుందని ప్రకటించడం మీద 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, క్యాన్సరు, షుగరు, మూర్ఛ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అంతకంటే భయం ఏంటంటే అది చూసి ఎవరో మాత్రలు మానేస్తారు. మేము సాక్ష్యం పెడితే కింద "మందులు డాక్టరు చెప్పినట్టే వాడండి" అని అయ్యగారి మాటగానే వేస్తాం. తిట్లు కామెంట్లు వస్తే తిరిగి తిట్టకండి, దాచేయండి, యూట్యూబ్ స్టూడియోలో బ్లాక్ చేసే మాటల జాబితా ఉంటుంది, తెలుగు బూతులు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు రకాలుగా అందులో ఎక్కించండి. ఆ జాబితా తయారుచేసే పని మాత్రం సండే స్కూల్ టీచరుకి ఇవ్వకండి.

ఛానెల్ ఎవరి జీమెయిల్ మీద ఉంది? ఇప్పుడే చూసుకోండి. పక్క ఊరి సంఘంలో ఛానెల్ నడిపే కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళాడు, పాస్‌వర్డు వాడికే తెలుసు, తర్వాత వాడికి పాస్టర్ గారితో మాట తేడా వచ్చింది, నాలుగేళ్ళ వీడియోలు అక్కడే ఉండిపోయాయి. సంఘం పేరు మీద ఒక మెయిల్ తీయండి, రికవరీ నంబరు సంఘ పెద్ద ఒకరిది, మిగతావాళ్ళకి స్టూడియోలో పర్మిషన్ల ద్వారా మేనేజర్‌గానో ఎడిటర్‌గానో ఇవ్వండి, పాస్‌వర్డు ఎవరికీ చెప్పక్కర్లేదు. వాట్సాప్‌కి టూ స్టెప్ పిన్ను పెట్టండి.

నెట్ లేని రోజు

2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. అప్పటికి మేము కూడిక మార్పులన్నీ గ్రూపులోనే చెప్పడం అలవాటు చేసుకున్నాం, గంట కొట్టడం కూడా మానేశాం, ఆ బుధవారం ఉపవాస కూడిక ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. తర్వాత జూలైలోనే పెద్ద వరద, లంకల్లో ఉన్న మా మూడు కుటుంబాల సంగతి తెలుసుకోవాలంటే ఫోన్లు ఛార్జింగ్ లేవు, గ్రూపులో మాత్రం ధవళేశ్వరం దగ్గర గట్టు తెగిందని ఎక్కడిదో పాత వీడియో తిరుగుతోంది. వరదప్పుడు గ్రూపులో అధికారులు చెప్పిన నీటిమట్టం తప్ప ఇంకేమీ పెట్టనివ్వకండి, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఈ మూడు అంకెలు గ్రూపు వివరణలో రాసిపెట్టండి.

ఆ తర్వాత మేము ఒక నోటు పుస్తకం తయారుచేశాం. అరవై గడపల ఫోను నంబర్లు చేత్తో రాసి, వీధికి ఒకరి చొప్పున ఎనిమిది మంది పేర్లు, ఎవరు ఏ ఏ ఇళ్ళకి వెళ్ళి నోటితో చెప్పాలో అందులో ఉంది, ఏటా జనవరి మొదటి ఆదివారం దిద్దుతాం. పుస్తకం మందిరం బీరువాలో ఉంటుంది, తాళం అమ్మగారి దగ్గర. గంట మళ్ళీ కొడుతున్నాం.